ఏడో తారీఖు ఐదు వేలు

“ఒక్కటే మాట. పైసలు ఉన్నయని తేలితే రేపు తహసీలు ఆఫీసుకు నువ్వే ముందు నడువాలె. సాక్షి సంతకం నువ్వే పెట్టాలె. ఒప్పుకుంటవా?”

హేమ్లి ఈ మాట అడిగి చిన్నకొడుకు మొహంలోకి చూడలేదు. వక్కను రెండుగా పగలగొట్టి ఒక ముక్క నోట్లో వేసుకుంది.

“లేవని తేలితే?” అన్నాడు రాందాస్.

“ఉన్నయి.”

“లేవని తేలితే ఏం జేస్తవో అది చెప్పు యాడీ.”

“ఉన్నయంటున్న గదరా. తల్లి పైసలు తినే కొడుకును నేను కనలే.”

గుమ్మంలో చేతిసంచి కూడా దించకుండా నిలబడింది సరళ. హేమ్లికి పెద్దకోడలు. తెల్లవారగానే ఖమ్మంలో బస్సెక్కి వచ్చింది. భర్త తిరుపతి పంపితేనే వచ్చింది. రేపు పదకొండు గంటలకు రిజిస్ట్రేషన్ స్లాట్ ఉంది. హేమ్లి పేరున ఉన్న మూడెకరాల పామాయిల్ తోట గిఫ్టు డీడు కింద పెద్దకొడుకు తిరుపతి పేరుకు మారాలి. అత్తగారి ఆధార్, పాన్ కార్డు, తోట, బ్యాంకు పాసుపుస్తకాలు సర్ది, రేపటికి ఆమెను తయారు చేసి తీసుకురావడం సరళ పని. వచ్చి చూస్తే ఇంట్లో పొయ్యి వెలగలేదు. రాందాస్ భార్య మిర్చి కోతలకు పోయింది. తల్లీకొడుకులు ఇద్దరూ ఉదయం నుంచి పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు.

పోయిన వారం రాందాస్ చేసిన పనికి ఇది కొనసాగింపే. అన్నకు చెప్పకుండా తల్లిని ఖమ్మం ఫండ్ ఆఫీసుకు తీసుకుపోయి, వేలిముద్ర వేయించి, ఆమె ఖాతాకున్న ఫోన్ నెంబరు మార్పించాడు. అప్పటిదాకా అక్కడ ఉన్నది తిరుపతి నెంబరు.

దానికి తిరుపతిని తప్పు పట్టడానికి కూడా లేదు. ఐదేళ్ళ కింద తండ్రి రెడ్యా పోయాక, బొగ్గుబావిలో ఆయన చేసిన నౌకరీకి ఆరు లక్షలు వచ్చాయి. తిరుపతి వాటిని తల్లి పేరునే మ్యూచువల్ ఫండ్‌లో పెట్టించాడు. తండాలో అప్పుడు ఫోన్ పలికేది కాదు. గ్యాసు బండకు, పింఛనుకు, బ్యాంకు ఖాతాకు, దేనికి నెంబరు అడిగినా పట్నంలో నౌకరీ చేసే కొడుకు నెంబరు చెప్పడం అందరికీ అలవాటు. అలా తండాలో సగం ఇళ్ళ తాళంచెవులు ఖమ్మంలో ఎవరి జేబుల్లోనో ఉన్నాయి. ఆ సంగతి ఎవరికీ తోచలేదు. తోచినా అడిగేవాళ్ళు లేరు. కొడుకును అనుమానించిన తల్లి అనిపించుకోవడం ఎవరికిష్టం?

“ఐదేండ్ల నుంచి అడుగుతున్న,” అన్నాడు రాందాస్ వదినను చూసి. “ఎంతున్నయో ఒక్కసారి చూపియ్యన్నా అంటే, మార్కెట్ పడ్డది, ఇప్పుడు చూస్తే పానం ఉసూరుమంటది అంటడు. ఐదేండ్లు పడుడే ఉంటదా వదినా ఆ మార్కెట్టు?”

“నాకేం తెలుసు,” అంది సరళ.

“నువ్వు దవాఖానాల కౌంటర్ మీద కంప్యూటర్ నడిపిస్తవు. నీకు తెల్వకపోతే మాకు తెలుస్తదా?”

“మీ అన్న ఫోన్ నేను ముట్టను రాందాస్. ఆయన ముట్టనియ్యడు.”

హేమ్లి వక్క నములుతూ గోడకు ఆనుకుంది. “వాని మీద పడి ఏడ్వకు. నాలుగేండ్ల పొద్దు, ఒక్క నెల తప్పకుండ ఐదు వేలు పంపిండు వాడు. నువ్వు నా చేతుల ఎన్నడన్నా ఐదు వేలు పెట్టినవా?”

“నువ్వు తిన్నది నా ఇంట్ల.”

“లెక్క చెప్తున్నవా?”

“నువ్వే చెప్పిస్తున్నవు. తోటకు గుంతలు తీసింది నేను. డ్రిప్పు పైపులు మోసింది నేను. గెల పడేదాక నాలుగేండ్లు కడుపు కట్టుకున్నది నేనూ నా పెండ్లాం. నీకు జ్వరమొస్తే బండి మీద అశ్వారావుపేట ఉరికింది నేను. ఇయ్యన్ని ఐదు వేలకు సరిపోలేనా యాడీ?”

ఇంటి చాకిరీకి విలువ కట్టడం ఏ ఇంట్లోనూ అలవాటు లేదు. నోటు మీదైతే అంకె రాసి ఉంటుంది. రాందాస్ చేసిన దాని మీద ఏమీ రాసి లేదు. పాపం, వాడి బాధంతా అదే.

“సరళా,” అంది హేమ్లి. “నువ్వు చూడు. వీడు చూస్తే లేని తప్పు కనపడతది. నువ్వు చదివి చెప్తే నేను నమ్ముత, వీడూ నమ్ముతడు. నమ్ముతవారా?”

“వదిన అబద్ధం చెప్పదు,” అన్నాడు రాందాస్.

ఆ నమ్మకం సరళకు బరువుగా అనిపించింది. నిజానికి ఆమెకు అత్త మీద ప్రేమేమీ లేదు. నాలుగేళ్ళ నుంచి ఒక కక్ష ఉంది. జీతం పడగానే తిరుపతి ఐదు వేలు విడిగా తీసి, ‘ఇయ్యి మా అమ్మవి’ అని జేబులో పెట్టుకునేవాడు. ఏడో తారీఖు సాయంత్రం బండి వేసుకుని బయటికి పోయి, ‘పంపిన’ అంటూ తిరిగొచ్చేవాడు. పాప స్కూలు ఫీజు మూడు వాయిదాలైంది. కిరాయి ఇల్లు మారదామంటే మాట దాటేశాడు. ఏది అడిగినా ముసలిదాని పేరు అడ్డం వచ్చేది. పోయిన దీపావళికి సరళ ఉండబట్టలేక ఫోన్లో అత్తను అనేసింది కూడా. ‘మీకు పోంగనే మాకు మిగిలేది ఏముంది అత్తమ్మా’ అని.

రేపు తోట చేతికొస్తే ఆ నాలుగేళ్ళూ తిరిగొచ్చినట్టేనని ఆమె లోపల్లోపల అనుకుంటూనే బస్సెక్కింది. ఆశ లేదని ఎందుకు అబద్ధం చెప్పాలి?

* * *

తండాకు ఫోన్ పలికే చోటు ఒకటే, గెలల కాంటా. పామాయిల్ గెలలు తూకం వేసే రేకుల షెడ్డు. పక్కన చెట్లు కొట్టేసి ఖాళీ చేసిన జాగాలో సిగ్నల్ అందుతుంది. పెళ్ళి సంబంధాలు, కోర్టు వాయిదాలు, అత్తాకోడళ్ళ తగాదాలు, అన్నీ అక్కడే నిలబడి గట్టిగా మాట్లాడాలి. అందుకే ఆ తండాలో ఎవరి సంసారమూ ఎవరికీ కొత్త కాదు.

ముగ్గురూ పోయేసరికి, పక్క గూడెం జంపక్క అడ్డాకుల కట్టల మీద కూర్చుని ట్రాక్టర్ కోసం చూస్తోంది.

“ఏంది హేమ్లక్కా, కోడలొచ్చింది. రేపేనట గదా,” అంది.

“అవ్, రేపే.”

“ఇచ్చెయ్. అసుంటి కొడుక్కు ఇయ్యకపోతే ఎవరికిస్తవు? మా శివ ఉన్నడు, పండుగకు చీరె తెమ్మంటే నా మీద్నే గుడ్లురుముతడు. నీ పెద్దోడు నెలనెలా పంపుడేంది, నువ్వు తీసుకునుడేంది. పెట్టి పుట్టినవు.”

హేమ్లి నవ్వింది. ఈ ఊళ్ళో ఆమెకున్న గౌరవమంతా ఆ ఐదు వేలే. ప్రతి నెలా బ్యాంకు పైసలు తీసిచ్చే కోటేష్ సెంటర్లో వేలిముద్ర మిషన్ మీద వేలు పెట్టినప్పుడు, వరసలో నిలబడ్డ ఆడవాళ్ళందరికీ వినపడేటట్టు ‘మా తిరుపతి పంపిండా చూడు బిడ్డా’ అని అడిగేది. ‘పడ్డయమ్మా’ అనేవాడు కోటేష్. పాసుపుస్తకంలో ప్రింటు వేయించుకునే అలవాటు ఆమెకు లేదు. అవసరమూ రాలేదు.

రాందాస్ ముఖం తిప్పుకుని కాంటా స్తంభానికి ఆనుకున్నాడు. జంపక్క మాటలు వాడికి తగలాల్సిన చోటే తగిలాయి.

సరళ కాంటా దిమ్మె మీద కూర్చుని తన ఫోన్లో ఫండ్ సైటు తెరిచింది. పాన్ నెంబరు అడిగింది. హేమ్లి నడుముకు కట్టుకున్న గుడ్డసంచిలో నుంచి కార్డు తీసిచ్చింది. నెంబరు కొట్టగానే హేమ్లి చేతిలోని చిన్న ఫోన్ మోగింది.

“మెసేజి వచ్చింది అత్తమ్మా. ఆరు అంకెలుంటయి, చెప్పు.”

హేమ్లికి అక్షరాలు రావు, అంకెలు వస్తాయి. ఫోన్‌ను కళ్ళకు దగ్గరగా పెట్టుకుని ఒక్కొక్కటే చెప్పింది. నాలుగు. సున్న. ఏడు. ఏడు. రెండు. తొమ్మిది. ఐదేళ్ళలో తన డబ్బు తలుపు తను తియ్యడం ఆమెకు ఇదే మొదటిసారి. గొంతులో కొంచెం గర్వం కూడా వినిపించింది.

పేజీ తెరుచుకుంది. పైన పేరు, కింద ఒక పెద్ద అంకె.

“ఆరు లక్షల ఎనిమిది వేల నాలుగు వందల పన్నెండు,” చదివింది సరళ.

హేమ్లి కొంగుతో నోరు తుడుచుకుంది. ఆ తర్వాత చిన్నకొడుకు వైపు తిరిగింది.

“ఇన్నవా?”

రాందాస్ తల ఊపాడు.

“ఇన్నవా అని అడుగుతున్న. నోటితోటి చెప్పు.”

“ఇన్న యాడీ.”

“దొంగ అన్నవు వాణ్ణి. తోడబుట్టినోణ్ణి. నా చెయ్యి పట్టుకొని ఖమ్మం గుంజుకపోయినవు. ఆ ఆఫీసుల వాళ్ళ ముంగట నాకు సిగ్గుతోటి తల తీసేసినట్టయింది.”

“తప్పయింది. రేపు సంతకం పెడత.”

వాడు ఆ మాట అన్న తీరుకు సరళకే జాలేసింది. పోట్లాడి ఓడిపోయినవాడిలా కూడా లేడు. పోట్లాడినందుకు సిగ్గుపడుతున్నాడు. కింద పడ్డ పామాయిల్ పండు ఒకటి తీసి వేళ్ళ మధ్య నలిపి, చేతికంటిన నూనెను లుంగీకి తుడుచుకున్నాడు.

వాడే మళ్ళీ అన్నాడు. “వదినా, అనుమానం కాదు. ఊకనే అడుగుతున్న. ఐదేండ్లల్ల ఎనిమిది వేలేనా పెరిగింది? బ్యాంకుల ఏసినా ఇంకా ఎక్కువ వచ్చుగదా. పెరుగుతయనే గదా అన్న పెట్టిచ్చింది.”

“మళ్ళ మొదలు పెట్టిండు,” అంది హేమ్లి.

ప్రశ్నలో తప్పేమీ లేదు. సరళకూ అదే అనిపించింది. స్టేట్‌మెంట్ అన్న చోట నొక్కింది. మొదటి నుంచి ఇవాళ్టి దాకా అని తేదీలు పెట్టింది. ఫైలు వచ్చింది, తాళం అడిగింది. పాన్ నెంబరే తాళం. కొట్టింది.

మొదటి వరస, ఆరు లక్షలు జమ. ఆ కింద పది నెలలు ఏమీ లేదు.

తర్వాత ఏడో తారీఖు, ఐదు వేలు తీత. పై నెల ఏడో తారీఖు, ఐదు వేలు తీత. ఆ పై నెల ఏడు. సరళ వేలితో పేజీ పైకి జరుపుతూ పోయింది. మూడు పేజీలు అదే వరస. మధ్యలో ఒక్క నెల కూడా తప్పలేదు. ప్రతి వరస పక్కన, డబ్బు పోయిన బ్యాంకు ఖాతా చివరి నాలుగు అంకెలు ఉన్నాయి. సంచిలో నుంచి అత్తగారి బ్యాంకు పాసుపుస్తకం తీసి చూసింది. అవే అంకెలు.

పాసుపుస్తకం మూసి మళ్ళీ సంచిలో పెట్టేసింది.

“ఏమున్నది వదినా?”

“ఏం లేదు,” అంది సరళ. “మార్కెట్ పడ్డది.”

ఆ మాట తన నోట్లో నుంచి వచ్చాక గాని అది ఎవరి మాటో ఆమెకు తట్టలేదు. తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా దిద్దుకోలేదు. ఫోన్ ఆపి ఒళ్ళో బోర్లా పెట్టుకుంది. ఇక్కడ ఇంగ్లీషు చదవగలిగింది తనొక్కతే. రేపు పదకొండింటికి సంతకాలు అయిపోతాయి. ఏడాదికి లక్షల గెలలు దిగే తోట. పాప ఫీజు, సొంత ఇల్లు, అన్నీ ఆ మూడెకరాల్లో ఉన్నాయి. నోరు మూసుకుంటే చాలు. నోరు మూసుకోవడం కూడా ఒక పనేనా, ఎవరైనా చేస్తారు.

హేమ్లి లేచి వచ్చి కోడలి పక్కన కూర్చుంది. ఎన్నడూ లేనిది భుజం మీద చెయ్యి వేసింది.

“సరళా, నీ కడుపుల ఏముందో నాకు తెల్వదనుకోకు. నీ ఇంట్ల ఇబ్బంది ఉన్నా వాడు నాకు పంపుడు ఆపలే. నీ బిడ్డ నోటికాడిది నేను తిన్న. దీపావళికి నువ్వన్న మాటకు నేను మూడు రోజులు ఏడ్చిన. గని నువ్వన్నది తప్పు కాదు. అందుకే తోట మీకు రాస్తున్న. రేపటితోటి నా అప్పు తీరిపోతది. ఇగ నన్ను తిట్టుకోకు బిడ్డా.”

ముసలామె చెయ్యి సరళ భుజం మీద అలాగే ఉంది. తియ్యమని అనలేకపోయింది, ఉంచుకోనూ లేకపోయింది.

“అత్తమ్మా,” అంది సరళ. “ఆ పైసలు నీకు ఏ తారీఖున పడ్తయి?”

“ఏడున. ఎందుకే?”

“మొదటిసారి ఆయన నీకేమని చెప్పిండు? గుర్తున్నదా?”

“గుర్తు లేకేంది. ఫోన్ చేసిండు. యాడీ, ఇగ నెలనెలా నీ ఖాతాల ఐదు వేలు పడ్తయి, మంచిగ తిను అన్నడు.”

“ఆయన జీతంల నుంచి పంపుతున్న అన్నడా?”

“అదేం మాట? వాడు పంపకపోతే ఎవరు పంపుతరు?”

సరళ ఫోన్ తిప్పి అత్త చేతిలో పెట్టింది. “నువ్వే పంపుకున్నవు అత్తమ్మా. చూడు. తారీఖు చూడు, పక్కన అంకె చూడు. ఇది మామయ్య పైసల్ల నుంచి తీసుడు. నీ ఖాతాలకే పోతది. నెంబరు నీ పెద్దకొడుకుది గాబట్టి మెసేజి ఆయనకే వచ్చింది. ఒక్కసారి సరే అని ఒత్తితే చాలు, నెలనెలా దానంతట అదే పోతది. ఎనిమిది వేలే ఎందుకు పెరిగిందని అడిగిండు గదా రాందాస్. పెరిగిందంతా నీకే వచ్చింది. ఆయన పేరు మీద వచ్చింది.”

హేమ్లి చూసింది. ఏడు, ఐదు వేలు. ఏడు, ఐదు వేలు. వేలు పెట్టి ఒక్కో వరసా లెక్కపెట్టుకుంటూ పోయింది. యాభై దాకా లెక్కపెట్టి ఆగింది. షెడ్డు కింద జంపక్క మాటలు మానేసి ఇటే చూస్తోంది.

రాందాస్ నవ్వాడు. అది నవ్వులా లేదు.

“నవ్వకు,” అంది హేమ్లి.

“నాలుగేండ్లు వాని పక్కన నిలబెట్టి కొలిచినవు నన్ను. ప్రతి నెలా ఏడో తారీఖున కొలిచినవు. మా నాయన పైసలు పెట్టి కొలిచినవు యాడీ.”

“వాడు అబద్ధం చెప్పలే,” అంది హేమ్లి నెమ్మదిగా. తనలో తను వాదించుకుంటున్నట్టుంది. “పడ్తయి అన్నడు. పడ్డయి. నేనే ఊరంత చెప్పుకున్న.”

“నువ్వు చెప్పుకుంటుంటే కాదన్నడా? తోట రాస్తనంటే వద్దన్నడా?” అన్నాడు రాందాస్.

సరళ నేల చూస్తూ కూర్చుంది. చెప్పినందుకు తేలికపడాలి గదా మనిషి. ఆమెకు అలాంటిదేమీ కలగలేదు. తోట పోయింది, అంతే తెలుస్తోంది. ఇవాళ సాయంత్రం ఏ మొహం పెట్టుకుని ఇంటికి పోవాలో తెలియడం లేదు.

అప్పుడు హేమ్లి అడిగింది. గొంతులో ఏడుపు లేదు.

“సరళా. నాకు పడ్డయి నావే అంటున్నవు. మరి నీ ఇంట్ల నుంచి పోయినయి ఏడికి పోయినయి?”

సరళ తలెత్తింది.

“మీకు పోంగనే మాకేం మిగుల్తలేదన్నవు గదా. నెలనెలా తీసిండన్నవు. నాకు రాలే. ఎవరికి పోయినయి?”

జీతం రోజు విడిగా తీసిన నోట్లు, ఏడో తారీఖు సాయంత్రం బండి చప్పుడు, ‘పంపిన’ అన్న మాట, అన్నీ ఒక్కసారి వరసగా నిలబడ్డాయి. ఇంతసేపూ ఆమె అత్త మోసపోయిందనే అనుకుంటోంది. మూడు పేజీలు చదివిన మనిషికి తన సంగతి తనకు కనపడలేదు.

“తెల్వదు,” అంది.

“వానికి కలుపు.”

“అత్తమ్మా, ఇప్పుడొద్దు. ఇంట్ల మాట్లాడుకుందం.”

“కలుపుమన్న.”

రాందాస్ ముందుకు వచ్చాడు, తల్లి చెయ్యి అడ్డం పెట్టి వాణ్ణి అక్కడే ఆపింది. సరళ నెంబరు కలిపింది. స్పీకర్లో పెట్టి అత్త చేతికిచ్చింది. మూడు రింగులకే తిరుపతి ఎత్తాడు.

“ఏమైంది? యాడీ తయారేనా? కాయితాలన్ని చూసినవా?”

“నేనే బిడ్డా,” అంది హేమ్లి. ఆమె గొంతు ఎప్పటిలాగే ఉంది. ఆ మామూలుతనానికి సరళకు భయమేసింది. “కాయితాలన్ని చూసినం. ఒక్కటే తక్కువైంది. నీ పెండ్లాం అడుగుతది, చెప్పు.”

ఫోన్ సరళ చేతికిచ్చి, హేమ్లి లేచి పోలేదు. అక్కడే, కోడలి మోకాలికి మోకాలు ఆనించి కూర్చుంది.

“హలో. ఏంది సరళా? ఏం తక్కువైంది?”

సరళ ఫోన్‌ను రెండు చేతులా పట్టుకుంది.

“నాలుగేండ్ల నుంచి ఏడో తారీఖు మీ అమ్మకని తీసిన ఐదు వేలు,” అంది, “ఎవరికిచ్చినవు?”

అవతల కుర్చీ జరిగిన చప్పుడైంది. తలుపు మూసిన చప్పుడు. ఏ పైసలు అని తిరుపతి అడగలేదు. నీకు పిచ్చా అని కసరలేదు. గొంతు బాగా తగ్గించి, మెల్లగా, ఒక్క మాట అడిగాడు.

“నీ పక్కన ఎవరున్నరు?”